ప్రాగ్‌లో ప్లాస్టిక్ మనుషులు

యూరప్ చాటుపాటల చరిత్ర – 5

లెనిన్‌గ్రాద్‌లో ఆస్పత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద పాటలు చెక్కి అమ్మినవాళ్ళ కథ పోయిన వారం చెప్పుకున్నాం. అక్కడ నేరం సూటిగా ఉంది: వద్దన్న పాట అమ్మారు, జైలుకి వెళ్ళారు. ఈ వారం మనం చేరే ప్రాగ్ నగరంలో వ్యవహారం కాస్త మెలికగా ఉంటుంది. 1970లలో చెకొస్లొవేకియాలో రాక్ సంగీతం మీద నిషేధమేమీ లేదు. బ్యాండ్లు ఉండేవి, రికార్డులు వచ్చేవి, టీవీలోనూ కనిపించేవి. కావలసిందల్లా ఒక కాగితం. ఆ కాగితం లేకుండా వాయించిన నలుగురైదుగురు జులపాల కుర్రాళ్ళ వెంటపడి, ప్రభుత్వం తనకు తానే ఎంత పెద్ద తలనొప్పి తెచ్చిపెట్టుకుందో చూద్దాం.

1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, దాని మిత్రదేశాల సైన్యాలు చెకొస్లొవేకియాలోకి దిగాయి. అలెగ్జాండర్ దుబ్చెక్ మొదలుపెట్టిన సంస్కరణలు మాస్కోకి గిట్టలేదు. నెల తిరిగేసరికి ప్రాగ్‌లో మిలాన్ హ్లావ్సా అనే పదిహేడేళ్ళ కుర్రాడు స్నేహితులతో కలిసి ఒక బ్యాండ్ పెట్టాడు. పేరు 'ద ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్'. అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా పాట పేరులోంచి ఎత్తుకున్నది. ట్యాంకులకు జవాబుగా పుట్టిన బ్యాండ్ అని తర్వాతి కాలంలో చాలామంది రాశారు. వినడానికి బాగుంటుంది గానీ, ఆ మాట బ్యాండ్ వాళ్ళే ఒప్పుకునేవారు కాదు. హ్లావ్సా కసాయి పని నేర్చుకున్నవాడు. అతని మనసంతా విదేశాల నుంచి చేతులు మారుతూ వచ్చే రికార్డుల మీద ఉండేది. జాపా, కెప్టెన్ బీఫ్‌హార్ట్, ఫగ్స్, అన్నిటికన్నా ముఖ్యంగా న్యూయార్క్ బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్. అమెరికాలోనే పెద్దగా ఎవరూ కొనని ఆ రికార్డులు ప్రాగ్‌లో వేదపాఠాల్లా వల్లెకెక్కాయి.

మొదటి రెండేళ్ళు ఇబ్బంది లేకుండానే గడిచాయి. సైన్యాలు వచ్చినా పాత స్వేచ్ఛ ఒక్క రోజులో ఆరిపోలేదు. వేదిక మీద మంటలు, వింత దుస్తులు, ముఖాలకు రంగులు, వెనక గోడ మీద రంగుల దీపాలు. ఆ హంగామాకి రూపం ఇచ్చినవాడు ఇవాన్ మార్టిన్ యిరౌస్. 1944లో పుట్టాడు, కళాచరిత్ర చదివాడు, గిటారు తీగ ముట్టలేదు. స్నేహితులందరూ 'మాగోర్' అని పిలిచేవారు. మన 'తిక్కలోడు' లాంటి ముద్దుపేరు. న్యూయార్క్‌లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌కి చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఎలా అండగా నిలిచాడో, ప్రాగ్‌లో తాను ఆ పాత్ర తీసుకున్నాడు. యిరౌస్ లేకపోతే ప్లాస్టిక్ పీపుల్ ఓ వింత బ్యాండ్‌గా కొన్నాళ్ళు మోగి ఆగిపోయేదని నా అనుమానం. సంగీతం హ్లావ్సాది, పట్టుదల యిరౌస్‌ది.

ఇక కాగితం సంగతి. 1969 ఏప్రిల్‌లో దుబ్చెక్ స్థానంలో గుస్తావ్ హుసాక్ వచ్చాడు. 'పరిస్థితులను మామూలు స్థితికి తేవడం' అనే పేరుతో అన్ని రంగాల్లోనూ ఏరివేత మొదలైంది. పత్రికా సంపాదకులు బాయిలర్ గదుల్లో బొగ్గు వేశారు, ఆచార్యులు కిటికీలు తుడిచారు. దేశమంతా ఆరాధించిన గాయని మార్తా కుబిషోవాను 1970లో నకిలీ అశ్లీల ఫోటోల సాకుతో వేదికల నుంచి తరిమేశారు. సంగీతకారుల దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వానికి అరెస్టుల అవసరం కూడా పడలేదు. వృత్తిగా వాయించేవాళ్ళందరూ ప్రభుత్వ ఏజెన్సీల కింద ఉండాలి. ఏజెన్సీ వాళ్ళ ముందు వాయించి చూపించాలి, వాళ్ళు వేసిన తరగతిని బట్టి పారితోషికం. వాద్యాలు, ఆంప్లిఫయర్లు చాలావరకు ఏజెన్సీ సొత్తే. సరదాగా వాయించుకునే ఔత్సాహికులకైనా ఒక ఫ్యాక్టరీ క్లబ్బో యువజన సంఘమో పూచీ ఉండాలి. ఆ పూచీ లేనివాళ్ళకు ఏ హాలూ దొరకదు.

దాని మీద మళ్ళీ పరీక్షలు. సంగీత సిద్ధాంతంతో పాటు మార్క్సిజంలోనూ ప్రశ్నలు అడిగేవారు. జుట్టు కత్తిరించుకోవాలి, ఇంగ్లిష్ పేర్లు వదులుకోవాలి, పాటల జాబితా ముందే చూపించాలి. 'బ్లూ ఎఫెక్ట్' అనే పేరున్న బ్యాండ్ 'మోద్రీ ఎఫెక్ట్' అయింది. అంటే అదే పేరు, చెక్ భాషలో. చాలామంది జుట్టు కత్తిరించుకుని బతికిపోయారు. వాళ్ళను తప్పుపట్టడం నాకు చేతకాదు. సంసారాలున్నవాళ్ళు, వాయించడం తప్ప వేరే పని రానివాళ్ళు.

ప్లాస్టిక్ పీపుల్ జుట్టు కత్తిరించుకోలేదు. 1970లో వృత్తి లైసెన్సు పోయింది, దానితో పాటు ప్రభుత్వం ఇచ్చిన వాద్యాలూ పోయాయి. బ్యాండ్‌లో యోసెఫ్ యానీచెక్ ఒకప్పుడు మెకానిక్. పాత ట్రాన్సిస్టర్ రేడియోలు విప్పి, ఆ ముక్కలతో ఆంప్లిఫయర్లు కట్టాడు. వాటిలోంచి వచ్చే గరగర చప్పుడు బ్యాండ్ ముద్రే అయిపోయింది. తర్వాతి రికార్డింగుల్లో వినిపించే ఆ బొంగురు, మొరటు ధ్వనిలో కళ ఎంతో, పేదరికం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. వయోలాతో యిర్జీ కాబెష్ తోడయ్యాడు. ప్రాగ్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుంటున్న పాల్ విల్సన్ అనే కెనడా యువకుడు రెండేళ్ళు గాయకుడిగా ఉన్నాడు. పాటలు ఇంగ్లిష్‌లో ఉండేవి, బ్యాండ్‌లో మిగతావాళ్ళకి ఇంగ్లిష్ అంతంత మాత్రం.

ఈ రోజుల నాటి ఒక ఉపాయం ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం. బ్యాండ్‌కి హాలు ఇవ్వరు, సరే. కానీ యిరౌస్ కళాకారుల సంఘం సభ్యుడు, ఉపన్యాసం ఇచ్చే హక్కు అతనికి ఉంది. అందుకని ఆండీ వార్హోల్ కళ మీద ఉపన్యాసం అని చెప్పి హాలు తీసుకునేవాడు. కొన్ని నిమిషాలు స్లైడ్లు చూపించి నాలుగు మాటలు చెప్పి, ఇప్పుడు వార్హోల్ వెన్నుదన్నుగా నిలిచిన బ్యాండ్ పాటలు ఎలా ఉంటాయో ఉదాహరణగా వినండి అనేవాడు. ఆ ఉదాహరణ రెండు గంటలు సాగేది.

1970ల మొదట్లో సాక్సోఫోన్ వాద్యకారుడు వ్రాతిస్లావ్ బ్రాబెనెత్స్ వచ్చి చేరాడు. వయసులో మిగతావాళ్ళ కన్నా పెద్ద, జాజ్ తెలిసినవాడు. అరువు పాటలు కట్టిపెట్టి సొంతంగా, చెక్ భాషలో పాడితేనే వస్తానని షరతు పెట్టాడు. అక్కడి నుంచి బ్యాండ్ దిశ మారింది. పాటలకు సాహిత్యం ఎక్కడిది? ఎగోన్ బోండి అనే కలం పేరుతో రాసే కవి ఒకడు ఉన్నాడు. అసలు పేరు జ్బినెక్ ఫిషర్. కవితా సంపుటులేవీ అచ్చుకాని కవి. హ్లావ్సా ఆ కవితలకు బాణీలు కట్టాడు. వాటిలో విప్లవ నినాదాలు వెతికితే దొరకవు. తాగుడు, నిద్రలేమి, మనిషికి మనిషంటే విసుగు ఉంటాయి. మలబద్ధకం మీద కూడా ఒక పాట ఉంది. 1974–75లో చాటుగా రికార్డు చేసిన ఈ పాటలు 1978లో ఫ్రాన్స్‌లో రికార్డుగా వచ్చాయి, బ్యాండ్ ప్రమేయం లేకుండానే. స్వదేశంలో అప్పటికే టేపుల మీద టేపులుగా తిరుగుతున్నాయి.

1973లో ఓ విచిత్రం జరిగింది. మరోసారి అధికారుల ముందు వాయిస్తే లైసెన్సు ఇచ్చారు. రెండు వారాలు తిరక్కుండా వెనక్కి తీసేసుకున్నారు. సంగీతం రోగగ్రస్తంగా ఉంది, సమాజం మీద చెడు ప్రభావం చూపుతుంది అన్నది కారణం. ఆ తర్వాత ఇక అడగడం మానేశారు.

అడగడం మానేశాక మిగిలినవి పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, పల్లెటూళ్ళ సారా కొట్ల వెనక హాళ్ళు. సొంత వేడుకలో వాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి ఎవరికైనా పెళ్ళి కుదిరిందంటే చాలు, కచేరీ కుదిరినట్టే. చోటు పేరు ఆఖరి రోజు దాకా బయటపెట్టేవారు కాదు. నోటి మాటగా కబురు అందుకున్నవాళ్ళు రైలెక్కి, ఏదో చిన్న స్టేషన్‌లో దిగి, పొలాలకు అడ్డం పడి నడిచి వచ్చేవారు. పోలీసులు వస్తే ఎటు పరిగెత్తాలో ముందే చూసుకునేవారు.

1974 మార్చి 30న దక్షిణ బొహీమియాలో చెస్కే బుదెయోవిత్సె పట్టణం పక్కన రుదోల్ఫోవ్ అనే ఊళ్ళో కచేరీ అనుకున్నారు. ప్రాగ్ నుంచి, ఇతర ఊళ్ళ నుంచి వందల మంది కుర్రకారు వచ్చారు. ప్లాస్టిక్ పీపుల్ వాయించే దాకా పోనివ్వలేదు. పోలీసులు కుక్కలతో దిగి, అందరినీ రైల్వే స్టేషన్‌కి తోలి, ప్లాట్‌ఫారం కింది సొరంగంలో రెండు వరసలుగా నిలబడి, మధ్యలోంచి పోయేవాళ్ళను లాఠీలతో చితకబాదారు. ఫోటోలు తీశారు, పేర్లు రాసుకున్నారు. చాలామంది విద్యార్థుల చదువులు ఆ పేర్ల జాబితాతోనే ఆగిపోయాయి. చెక్ గుప్త సంగీతం గురించి రాసే ప్రతివారూ ఈ తేదీని మలుపుగా చెబుతారు. నిజంగా మలుపే. అప్పటిదాకా బ్యాండ్‌ని వినడానికి వచ్చినవాళ్ళు, ఆ రాత్రి తర్వాత ఒకరినొకరు గుర్తుపట్టే జనమయ్యారు.

అదే ఏడు సెప్టెంబరులో పోస్తుపిత్సె గ్రామంలో ఒక పెళ్ళి పేరు చెప్పి 'రెండో సంస్కృతి' తొలి ఉత్సవం జరిపారు. ఆ పేరు యిరౌస్‌ది. 1975 ఫిబ్రవరిలో అతను రాసిన ఒక వ్యాసం టైప్‌రైటర్ మీద కార్బన్ కాగితాలు పెట్టి కొట్టిన ప్రతులుగా దేశమంతా తిరిగింది. సారాంశం ఏమిటంటే: మొదటి సంస్కృతి ప్రభుత్వానిది. దాని బిరుదులు, పారితోషికాలు, ప్రశంసలు మనకి అక్కర్లేదు. దానితో పోట్లాట కూడా అక్కర్లేదు. పోట్లాడుతున్నామంటే దాని ఆమోదం కోసం ఇంకా ఆశపడుతున్నామనే అర్థం. మన పాటికి మనం రెండోదాన్ని కట్టుకుందాం. ఈ వాదంలో లోపాలు లేకపోలేదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని నిజాయితీగా వాయించినవాళ్ళను కూడా ఒకే గాటన కట్టేశాడు యిరౌస్. అయినా దాని పదును కాదనలేం. బెదిరించడానికైనా లొంగదీయడానికైనా అవతలివాడికి మన దగ్గర నుంచి ఏదో కావాలి. ఏమీ వద్దన్నవాడిని ఏం చేస్తారు?

ఏం చేస్తారో 1976లో తేలింది. ఫిబ్రవరి 21న బోయనోవిత్సె గ్రామంలో రెండో ఉత్సవం జరిగింది. ఈసారి పెళ్ళికొడుకు యిరౌసే. నాలుగు వారాలు గడవకుండా, మార్చి 17న పోలీసులు బ్యాండ్ సభ్యులను, స్నేహితులను పట్టుకుపోయారు. వంద మందికి పైగా పిలిచి ప్రశ్నించారు. ఇళ్ళలో టేపులు, నోటుపుస్తకాలు, ఇంట్లో కట్టుకున్న ఆంప్లిఫయర్లు జప్తు చేశారు.

యిరౌస్ అంతకు కొన్ని వారాల ముందు నాటక రచయిత వాత్స్లావ్ హావెల్‌ని కలిశాడు. హావెల్ అంటే అప్పటికి యిరౌస్ వర్గానికి పెద్ద గౌరవం లేదు. అధికారం అనుమతించిన ప్రతిపక్షం అని అనుమానం. హావెల్‌కీ వీళ్ళ మీద వినికిడి తప్ప ఏమీ తెలియదు, ఆ వినికిడీ మంచిది కాదు. యిరౌస్ ఒక పాత క్యాసెట్ ప్లేయర్ మీద పాటలు వినిపించాడు. ఆ ధ్వనిలో ఏదో కల్తీలేని బాధ వినిపించిందని హావెల్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ రాత్రంతా మాట్లాడుకున్నారు. కచేరీకి రమ్మని ఆహ్వానం కూడా అందింది. ఆ కచేరీ జరిగేలోపే అరెస్టులు అయ్యాయి.

ఇక్కడ ప్రభుత్వం లెక్క తప్పింది. జులపాలు, బూతు మాటలు, తాగుడు – వీళ్ళ కోసం ఎవరు నోరు విప్పుతారు అనుకుంది. మామూలుగా అయితే విప్పేవారు కాదేమో. కానీ హావెల్, తత్వవేత్త యిర్జీ నేమెత్స్ ఇల్లిల్లూ తిరిగారు. ఇంతకు ముందు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు పాత రాజకీయవాదులు, ఆట నియమాలు తెలిసినవాళ్ళు. ఈ కుర్రాళ్ళకి అధికారంతో ఏ పేచీ లేదు. తమకి నచ్చినట్టు వాయించుకోవాలన్న ఒక్క కోరికకు జైలు అంటే, రేపు ఎవరికైనా అదే గతి. ఈ మాట పెద్దవాళ్ళకి ఎక్కింది. 1976 ఆగస్టులో జర్మన్ రచయిత హైన్రిఖ్ బోల్‌కి రాసిన బహిరంగ లేఖ మీద హావెల్‌తో పాటు కవి యరోస్లావ్ సైఫర్ట్, వృద్ధ తత్వవేత్త యాన్ పతోచ్కా సంతకాలు చేశారు. సైఫర్ట్‌కి 1984లో నోబెల్ వచ్చింది. అంతటి కవికి ఈ గరగర సంగీతం నచ్చి ఉంటుందని నేను అనుకోను.

సెప్టెంబరు 21 నుంచి 23 వరకు ప్రాగ్‌లో విచారణ. కోర్టు ముందున్నది నలుగురు: యిరౌస్, బ్రాబెనెత్స్, 'డీజీ 307' అనే సోదర బ్యాండ్ గాయకుడు పావెల్ జాయీచెక్, పాటలు కట్టి పాడే ప్రొటెస్టంట్ పాస్టర్ స్వతోప్లుక్ కరాసెక్. అభియోగం రౌడీతనం. సాక్ష్యం పాటల్లోని బూతులు. యిరౌస్‌కి 18 నెలలు, జాయీచెక్‌కి 12, మిగతా ఇద్దరికీ చెరో 8 నెలలు శిక్ష పడింది. హ్లావ్సా కొన్ని నెలల నిర్బంధం తర్వాత విచారణ లేకుండానే బయటికి వచ్చాడు. అంతకు ముందే జులైలో ప్ల్జెన్ పట్టణంలో, కచేరీ ఏర్పాటు చేసిన నేరానికి మరో ముగ్గురికి శిక్షలు పడ్డాయి. గాయకులే కాదు, హాలు చూసిపెట్టినవాడూ నేరస్థుడే. కోర్టు లోపలికి కొద్దిమందినే పోనిచ్చారు. మిగతావాళ్ళు నడవాలో, మెట్ల మీద నిలబడ్డారు. పార్టీ వెళ్ళగొట్టిన పాత కమ్యూనిస్టులు, క్యాథలిక్కులు, ఆచార్యులు, పొడుగు జుట్టు కుర్రాళ్ళు – అప్పటిదాకా ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్ళు – అక్కడే పరిచయమయ్యారు.

ఆ మెట్ల మీద కలిసినవాళ్ళకి ఒక ఆయుధం కూడా దొరికింది. 1975 ఆగస్టు 1న హెల్సింకీలో 35 దేశాలు సంతకం చేసిన ఒప్పందంలో మానవ హక్కుల హామీ ఉంది. దాని ప్రకారం నడుచుకుంటున్నామని చూపించుకోవడానికి చెకొస్లొవేకియా, ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ఒడంబడికలను 1976 అక్టోబరులో తన చట్టాల సంపుటిలో అచ్చువేసింది. అచ్చయిందంటే చట్టమే. మీ చట్టం మీరే పాటించండి అని అడిగితే చాలు. అలా అడిగిన పత్రమే చార్టర్ 77. తొలి ప్రతినిధులు హావెల్, పతోచ్కా, మాజీ విదేశాంగ మంత్రి యిర్జీ హాయెక్. తొలి సంతకాలు 240కి పైన. వాక్‌స్వాతంత్ర్యం ఎలా అణగారిందో చెబుతూ యువ సంగీతకారుల మీద విచారణలను ఉదాహరణగా ఆ పత్రం ప్రస్తావించింది. 1977 జనవరి 6న దాన్ని అధికారులకు అందజేయడానికి కారులో బయల్దేరిన హావెల్, రచయిత లుద్విక్ వాత్సులీక్, నటుడు పావెల్ లాండోవ్‌స్కీలను పోలీసులు దారిలోనే పట్టుకున్నారు.

పతోచ్కాను వరసగా ప్రశ్నించారు. 69 ఏళ్ళ మనిషి, ఆరోగ్యం అంతంత మాత్రం. మార్చి 13న మెదడులో రక్తస్రావంతో చనిపోయాడు. అంత్యక్రియలప్పుడు మాటలు వినపడకుండా పైన హెలికాప్టర్ తిప్పారు, పక్కన మోటారు సైకిళ్ళ ఇంజన్లు మోగించారు. ఇక జనవరి 28న ప్రాగ్ జాతీయ నాట్యశాలలో నటులను, గాయకులను సమావేశపరచి చార్టర్‌ను ఖండించే ప్రకటన మీద సంతకాలు చేయించారు. వేల పేర్లు పత్రికల్లో పడ్డాయి. చాలామంది ఆ చార్టర్‌ను చదవలేదు. చదవడానికి ఎక్కడా దొరకదు కదా. దేశంలోకెల్లా జనాదరణ ఉన్న గాయకుడు కారెల్ గొట్ కూడా ప్రభుత్వం పక్కనే నిలబడ్డాడు. 1978లో పోలీసు అధికారి జెమాన్ టీవీ సీరియల్లో ఒక ఎపిసోడ్ వచ్చింది. అందులో గుప్త రాక్ బ్యాండ్ వాళ్ళు మత్తుమందుల బానిసలు, విమానం హైజాక్ చేసే హంతకులు. పల్లెటూళ్ళ ప్రేక్షకులకు ప్లాస్టిక్ పీపుల్ గురించి తెలిసింది ఇంతే.

బ్యాండ్ ఏం చేసింది? వాయించింది. 1977 అక్టోబరులో మూడో ఉత్సవం ఉత్తరాన హ్రాదెచెక్ అనే చోట హావెల్ పల్లెటూరి ఇంటి కొట్టంలో జరిగింది. 1978 ఏప్రిల్‌లో అక్కడే క్రీస్తు శిలువ గాథ ఆధారంగా బ్రాబెనెత్స్ మాటలు కూర్చిన సంగీతం వాయించి రికార్డు చేశారు. చుట్టూ పోలీసు కాపలా. ఆ టేపు దేశం దాటింది. అంతకు ముందే, 1977లో దేశం నుంచి గెంటేసిన పాల్ విల్సన్ 1980లో కెనడాలో దాన్ని రికార్డుగా తెచ్చాడు. తర్వాత హావెల్ రచనలను ఇంగ్లిష్‌లోకి అనువదించిందీ ఈ విల్సనే. 1981లో కెర్హార్తిత్సెలో ఓ ఇంట్లో మరో కచేరీ జరిగింది. ఆ ఇల్లు ఆ తర్వాత తగలబడింది. వేధింపులు తట్టుకోలేక 1982లో బ్రాబెనెత్స్ దేశం వదిలి వెళ్ళిపోయాడు. చార్టర్ వాళ్ళను బతకనివ్వకుండా చేసి సరిహద్దు దాటించడానికి పోలీసులు ప్రత్యేకంగా ఓ పథకమే నడిపారు. యిరౌస్ వెళ్ళలేదు. మొత్తం ఎనిమిదేళ్ళకు పైగా జైళ్ళలో గడిపాడు. వాల్దిత్సె జైలులో రాసి బయటికి పంపిన కవితలు ఈ రోజు చెక్ సాహిత్యంలో గట్టి స్థానంలో ఉన్నాయి.

వింటున్నవాళ్ళు ఎలా విన్నారనేది నాకు సంగీతకారుల కథంత ముఖ్యం. బ్రనో నగరంలో పేత్ర్ సిబుల్కా లాంటివాళ్ళు క్యాసెట్లు ఎక్కించి పంచారు. 1979 నుంచి 'వోక్నో' అనే చాటు పత్రిక నడిపిన ఫ్రాంటిషెక్ స్తారెక్ అంతకు ముందు ప్ల్జెన్ కేసులో జైలుకి వెళ్ళిన ముగ్గురిలో ఒకడు. పదో ప్రతి, ఇరవయ్యో ప్రతి దాకా వచ్చేసరికి పాట సగం ఇసక పోసిన చప్పుడు. ఆ చప్పుడుని చాలామంది బ్యాండ్ శైలే అనుకున్నారు. అలాగని ఈ జనాన్ని మరీ పెద్దదిగా ఊహించుకోకూడదు. 1989 దాకా చార్టర్ మీద మొత్తం సంతకాలు రెండు వేలు దాటలేదు.

ఈ కథ మీద బ్రిటిష్ నాటక రచయిత టామ్ స్టాపర్డ్ 2006లో 'రాక్ అండ్ రోల్' అనే నాటకం రాశాడు. స్టాపర్డ్ పుట్టింది చెక్ పట్టణం జ్లిన్‌లో. నాజీలకు భయపడి పారిపోయిన కుటుంబం సింగపూర్ మీదుగా మన దేశం చేరింది. అతని బడి చదువు కొంతకాలం డార్జిలింగ్‌లో సాగింది. హావెల్ తరహా పోరాటం గొప్పదా, ప్లాస్టిక్ పీపుల్ తరహా నిర్లక్ష్యం గొప్పదా అని పాత్రల చేత వాదింపజేశాడు. నన్నడిగితే ఆ రెండింటినీ పోటీకి పెట్టడమే సరికాదు. నిర్లక్ష్యాన్ని నేరం చేసిందే ప్రభుత్వం. లైసెన్సు ఇచ్చి ఊరుకుని ఉంటే నాలుగు ఊళ్ళలో వాయించి, వయసు మళ్ళి, పిల్లల్ని పెంచుకునేవారు.

అందుకు రుజువు ముగింపులోనే ఉంది. 1988 నాటికి పాలన పట్టు సడలింది. పేరు పొట్టిగా మార్చుకుంటే బహిరంగంగా వాయించుకోవచ్చని ఓ అవకాశం వచ్చింది. హ్లావ్సా సరే అన్నాడు, మరికొందరు ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్ళ పోలీసు దెబ్బలకు చీలని బ్యాండ్ ఆ అనుమతి దగ్గర చీలిపోయింది. హ్లావ్సా 'పూల్నోత్స్' అనే కొత్త బ్యాండ్ పెట్టి 1989లో అమెరికా పర్యటించి వచ్చాడు. ఆ డిసెంబరు ఆఖరుకి హావెల్ దేశాధ్యక్షుడు. 1990 జనవరిలో ఫ్రాంక్ జాపా ప్రాగ్ వస్తే విమానాశ్రయంలో జనం ఎగబడ్డారు. అదే ఏడు వెల్వెట్ అండర్‌గ్రౌండ్ గాయకుడు లూ రీడ్ వచ్చి పూల్నోత్స్‌తో కలిసి ఓ క్లబ్బులో పాడాడు. చార్టర్ ఇరవయ్యో వార్షికోత్సవానికి, 1997లో, హావెల్ మాట మీద పాత బ్యాండ్ మళ్ళీ కలిసింది. హ్లావ్సా 2001 జనవరిలో, యాభై నిండకుండానే పోయాడు.

ఆ మధ్యలో రహస్య పోలీసుల దస్త్రాలు తెరుచుకున్నాయి. క్యాసెట్లు పంచిన సిబుల్కాయే 1992లో ఇన్‌ఫార్మర్ల జాబితాలు అచ్చువేసి దేశాన్ని కుదిపేశాడు. పాటలు రాసిన ఎగోన్ బోండి విడతలు విడతలుగా పోలీసులకు సమాచారం ఇచ్చాడని ఆ దస్త్రాలు చెబుతున్నాయి. ఆ పాటలు మాత్రం బ్యాండ్ పాడుతూనే ఉంది.

వచ్చే వారం: తూర్పు బెర్లిన్ చర్చిల్లో పంక్ కుర్రాళ్ళకు పాస్టర్లు తలుపులు ఎందుకు తెరిచారు?